గోడకు అవతలి జీతం

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఫ్యాక్టరీల జీతాల మీద నా పరిశోధన కోసం ఈ రోజు కూడా తాండూరులోనే తిరిగాను. కాళ్లు లాగుతున్నాయి. నువ్వు పని చేసిన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకీ, మన పక్కింటి రాములు మామ పని చేసిన ఫ్యాక్టరీకీ మధ్య ఒక్క గోడే. రాయి అదే, మిషనూ అదే. జీతం మాత్రం అవతలే ఎక్కువ, ఇప్పటికీ.

చిన్నప్పుడు ఆ తేడా చూసి నీతో అన్నాను: "మామ లెక్క నువ్వు గూడ పని మంచిగ నేర్చుకోరాదు నాయినా?" నువ్వు చేతులకంటిన రాతిపొడి కడుక్కున్నావు.

ఇవ్వాళ సర్వే కాగితాలతో మామ ఇంటికి వెళ్లి, పని ఎవరు నేర్పారని అడిగాను.

"ఇంకెవరు బిడ్డా, మీ నాయిననే నేర్పిండు."

సర్వే కాగితంలో ‘పని నేర్పినవారు’ అన్న గడిలో నీ పేరు రాయడానికి చాలాసేపు పట్టింది.