మైకులో చెప్పిన పేరు

హైదరాబాద్,
12 జూన్ 2004.

ప్రియమైన అక్కా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిట్రా అని తిట్టుకోకు. షాపు ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే అమ్మ పక్కనే కూర్చుని కండెలు చుడుతుంటుంది. ఇది అమ్మ వినే సంగతి కాదు.

మన పని అయిపోయింది. ఏ కీ కొడితే పాత ఫాంటులో ఏ అక్షరం ముక్క పడుతుందో నువ్వు నోట్‌బుక్ నిండా రాసి పంపావు చూడు, ఆ నాలుగు వందల ముక్కలూ నా ప్రోగ్రాంలోకి ఎక్కాయి. నీ షాపులో పదేళ్ళుగా మూలుగుతున్న ఫైళ్ళను ఇప్పుడు ఏ కంప్యూటరైనా చదవగలదు, అందులో మాట వెతకగలదు. పెర్ల్ అనే భాషలో రాశాను. ఇట్లాంటి దాన్ని మాడ్యూల్ అంటారు. పెర్ల్ రాసేవాళ్ళందరికీ సీపాన్ అని ఒక ఉమ్మడి గాదె ఉంది. ఎవరు చేసింది వాళ్ళు అందులో పోస్తారు, కావలసినవాళ్ళు ఊరికే తీసుకుపోతారు. మనదీ అక్కడ పెడదామని నా ఆశ.

పెట్టాలంటే పేరు కావాలి. వాడుకునేవాడు తన ప్రోగ్రాం మొదట్లో ఆ పేరు రాసి పిలవాలి, అప్పుడే అది పలుకుతుంది. నేను 'జములమ్మ' అని పెడదామనుకుంటున్నాను.

చెల్లె జాతరలో తప్పిపోయి పద్దెనిమిదేళ్ళయింది. మన ఇంట్లో ఎవరూ ఆమెను పేరు పెట్టి తలచుకోరు. ముక్కూ మొహం తెలియనివాళ్ళైనా రోజుకొకసారి పిలవనీ అక్కా. పట్టిక నీది కాబట్టి నువ్వు ఊ అంటేనే పెడతాను.

నీ తమ్ముడు,
నరేందర్


గద్వాల,
20 జూన్ 2004.

ప్రియమైన తమ్ముడు సాఫ్ట్‌వేర్ సారుకు,

ఉత్తరం అందింది. నా నోట్‌బుక్ గాదెలోకి పోతుందంటే సంతోషమే. పేరు మాత్రం వద్దు.

మన షాపుకు బోర్డు రాయించిన రోజు గుర్తుందా? 'యమున' అని ఒక్క మాట పెద్దగా రాయిద్దామన్నావు. పెయింటరు కుంచె పట్టుకుని నవ్వాడు. "యమున అంటే బట్టల దుకాణమా, హోటలా? తొవ్వల పోయెటోనికి ఎట్ల తెల్వాలె అక్కా?" అన్నాడు. అందుకే 'పెళ్ళి కార్డులు, డీటీపీ' అని రాయించాను, ఆ మాటల మీదే బతుకుతున్నాను. పాత ఫాంటు మార్చుకోవాలని వెతికే మనిషి జములమ్మ అని ఎందుకు వెతుకుతాడురా? ఈ ఊళ్ళో జములమ్మ అమ్మవారి పేరు లేని ఇల్లు లేదు. మన వీధిలోనే ముగ్గురు జములమ్మలున్నారు. ఏ జములమ్మ అని వాళ్ళకెట్లా తెలుస్తుంది?

అది పైకి చెప్పే కారణం. లోపలి కారణం అమ్మ. మాఘ మాసం వచ్చిందంటే అమ్మ పది రోజులు గడప దాటదు. జాతరకు పోయే బళ్ళ చప్పుడు వినపడితే చెవుల్లో దూది పెట్టుకుంటుంది. నువ్వు వచ్చి 'నేను దానికి చెల్లె పేరు పెట్టిన' అంటే ఆ మనిషి ఏమైపోతుందో నాకు భయంగా ఉంది.

ఇంకేదైనా పెట్టు.

అక్క,
యమున


హైదరాబాద్,
11 జూలై 2004.

అక్కా,

నువ్వూ, సీపాన్‌లో ఉన్న ఒక పెద్దమనిషీ కూడబలుక్కున్నట్టే ఉన్నారు. పేరు ఇదీ అని అక్కడి చర్చల్లో పెడితే ఆయన ఓపిగ్గా జవాబు రాశాడు. సొంత మనుషుల పేర్లు పెట్టకు, నీకు తప్ప ఎవరికీ అర్థం కావు అన్నాడు. ఒంటి పేరు అసలు వద్దు, ముందు వంశం రావాలి, తర్వాత ఇల్లు, ఆ తర్వాత మనిషి అన్నాడు. మనదైతే భాషల వంశం, అందులో తెలుగు, తెలుగులో పాత ఫాంట్లు. పేరు పెట్టేముందు నిన్ను ఎరగని మనిషి ఏ మాటతో వెతుకుతాడో ఆలోచించు, నువ్వు పిలవాలనుకునే మాట కాదు, అని చివర రాశాడు. ఆ వాక్యం చదివి నేను కుర్చీలోంచి లేచి బయటికి పోయాను.

నువ్వు కోప్పడతావు కానీ చెప్పక తప్పదు. మా ఆఫీసు కంప్యూటర్లలో నెల కింద దాన్ని ఆ పేరుతోనే పెట్టాను. అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఒక కంప్యూటర్లో అది లేకుండా ప్రోగ్రాం నడిపితే, పెర్ల్ ఒక మాట రాస్తుంది. జములమ్మ కనబడలేదు, ఈ చోట్లన్నీ వెతికాను అని రాసి, వెతికిన చోట్లన్నీ వరసగా చెప్తుంది. నేను ఆ వరస చదవలేను. నాన్న వెతికిన వరసే కళ్ళ ముందుకొస్తుంది. గద్వాల బస్టాండు, వనపర్తి సంత, నాగర్‌కర్నూల్ దవాఖాన, తిమ్మాజిపేట, కొల్లాపూర్ రేవు.

నా పక్క సీటు శ్రవణ్ కుమార్‌కు ఇవేం తెలియవు పాపం. నిన్న పొద్దున నేను లోపలికి రాగానే, "అన్నా, జములమ్మ మళ్ళ దొరుకుతలేదు," అన్నాడు. మధ్యాహ్నం, "జములమ్మ సచ్చిందన్నా, మళ్ళ లేపాల్నా?" అన్నాడు. నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను.

తీసెయ్యొచ్చు కదా అంటావు. చెయ్యి రావడం లేదు. తీసేస్తే రెండోసారి వదిలేసినట్టు అనిపిస్తుంది.

నరేందర్


గద్వాల,
18 జూలై 2004.

ప్రియమైన నరేందర్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి గల్లాపెట్టె అడుగున పెట్టాను. తిట్టడం లేదు. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు.

మనం ఆమెను జములమ్మ అని ఎప్పుడు పిలిచాం?

నీ తర్వాత అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. ఈమె పుట్టగానే నాయనమ్మ పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటి ఎంకమ్మ చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కుని, మళ్ళీ అమ్మ ఒళ్ళో పెట్టింది. పనికిరాని పిల్ల అనుకుని చావు దాటిపోవాలని పెంటమ్మ అని పేరు పెట్టారు. ఐదేళ్ళూ ఆమె పెంటమ్మే. లే అంటే లేచేది, దా అంటే వచ్చేది, అంతా ఆ పేరుతోనే. జములమ్మ అన్నది జూన్‌లో బడిలో వేసేటప్పుడు రాయించాలని నాన్న సారుతో అనుకున్న పేరు. ఇంట్లో ఒకటి రెండుసార్లు అన్నాడేమో. అది తన పేరని ఆ పిల్లకు తెలుసో లేదో కూడా మనకు తెలియదు.

మరి నిన్ను ఆ పేరు ఎందుకు పట్టుకుంది?

యమున


గద్వాల,
5 సెప్టెంబర్ 2004.

నరేందర్‌కు,

నెలన్నర దాటింది, జవాబు లేదు. ఫోన్ చేస్తే అమ్మతో వానలు పడ్డాయా అని మాట్లాడి పెట్టేస్తున్నావు.

కండక్టర్ కురుమూర్తి మామ మొన్న షాపుకు వచ్చాడు. "మీ తమ్ముడు పోయిన ఆదివారం నా బస్సులనే దిగిండు గద బిడ్డా, జాతర జాగ కాడ. ఖాళీ మైదానంల ఒక్కడే నిలబడ్డడు. పలకరిస్తే మొకం తిప్పుకున్నడు. మల్ల వాపసు బస్సుకే ఎక్కిండు," అన్నాడు. ఇల్లు అక్కడికి రెండు మైళ్ళు లేదు. ఇంటి ముందు నుంచి వచ్చి, ఇంటికి రాకుండా పోయావు.

అమ్మకు చెప్పలేదు. నేను మాత్రం ఆ రోజు ఒక పెళ్ళి కార్డులో పెళ్ళికొడుకు పేరు తప్పు కొట్టాను. నువ్వు ఏం చేసినా నా తమ్ముడివే. రాయి.

అక్క


హైదరాబాద్,
12 సెప్టెంబర్ 2004.

అక్కా,

రాస్తున్నాను. చదివాక నువ్వు నన్ను తమ్ముడా అని పిలవనక్కర్లేదు.

ఆ రోజు చెల్లె కనపడకపోతే నాన్న నన్ను, తప్పిపోయినవాళ్ళ పేర్లు చెప్పే మైకు డేరాకు తరిమాడు. 'నువ్వు చదువుకున్నోనివి, పోయి చెప్పు' అన్నాడు. నాకు పదేళ్ళు. డేరా దగ్గర మా బడి పిల్లలు ఏడెనిమిది మంది ఉన్నారు, లెక్కల సారు ఉన్నాడు. మైకు ఆయన నన్ను చూసి, "పేరేంది పిల్లగా? జల్ది చెప్పు, ఎనక మంది ఉన్నరు," అన్నాడు.

పెంటమ్మ అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట జాతర మొత్తం వినపడుతుందని తట్టింది. తెల్లారి బడిలో నన్ను పెంటమ్మ అన్న అని పిలుస్తారని తట్టింది. జములమ్మ అని చెప్పాను. ఐదేండ్లు, పచ్చ గౌను అని చెప్పాను. నాన్న పేరు, ఊరు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పొద్దు గూకేదాకా ఆ పేరే మోగింది. నాన్న అప్పటికే బస్టాండు వైపు వెతకడానికి పోయాడు, వినలేదు.

మూడో రోజు నాన్నతో పాటు గాజులమ్మే దేవమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఏం చెప్పిందో నాకు ఒక్క అక్షరం మరుపు రాలేదు. "పచ్చ గౌను పిల్లనా? నా దుకాణం ముంగట కూసొని ఏడ్చింది. పేరేందే బిడ్డా అంటే పెంటమ్మ అన్నది. మైకుల జములమ్మ, జములమ్మ అని ఒర్రుతుండ్రు. గీమె ఏరే బిడ్డ అనుకున్న. గాజులు తొడిగి ఇటు తిరిగేసరికి లేకపాయె," అంది.

నాన్న నా వైపు తిరిగాడు. "మైకుల ఏం పేరు చెప్పినవ్ రా?"

"పెంటమ్మ అనే చెప్పిన నాయినా," అన్నాను.

నాన్న ఆ మైకు ఆయన్ని వెతుక్కుంటూ పోయి అంగీ పట్టి కొట్టాడు. చచ్చేదాకా ఆయన్నే తిట్టాడు. నేను పక్కనే ఉండి విన్నాను.

ఇప్పుడు అర్థమైందా ఆ పేరు నన్నెందుకు పట్టుకుందో. తప్పు పేరని తెలిసే పెట్టాను. లక్షసార్లు పిలిస్తే ఒకసారైనా ఆ పేరుకు ఆమె పలుకుతుందేమోనని. పిచ్చి అనుకో. ఆ పెద్దమనిషి రాసిన వాక్యం నాకు పదేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మైదానానికి పోయింది అక్కడైనా అసలు పేరు పిలుద్దామని. నోరు రాలేదు. అమ్మకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. ఇంటికి మాత్రం రాలేను.

నరేందర్


గద్వాల,
26 సెప్టెంబర్ 2004.

నా తమ్ముడు నరేందర్‌కు,

నీకు చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కానీ, వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. ఆ రోజు డేరా దగ్గర నీ వెనకాలే నిలబడి ఉన్నాను నేను. వీడు సరిగ్గా చెప్తాడో లేదో చూసి రమ్మని అమ్మ పంపింది. నువ్వు జములమ్మ అనడం నా చెవులతో విన్నాను. కాదు అనడానికి ఒక్క మాట చాలు. మా క్లాసు స్వరూప నా చెయ్యి పట్టుకుని ఉంది. నాకు పదమూడేళ్ళు, నీకంటే పెద్దదాన్ని, బుద్ధి తెలిసినదాన్ని. మింగేశాను. నువ్వు నాన్నకు అబద్ధం చెప్పావని తెలిసిన రోజు రెండోసారి మింగాను. ఆ పేరు వద్దు వద్దు అని నేను నీకు రాసింది అమ్మ కోసం అనుకున్నావు. నా కోసం రా. తెర మీద ఆ పేరు కనపడితే నేను బతకలేననుకున్నాను.

నీ ఉత్తరం అందిన రోజు అమ్మ ఇంట్లోనే ఉంది, షాపు మూసేశాను. ఇంటికి పోయి, అమ్మ చేతిలోంచి కండె తీసి పక్కన పెట్టి, మొత్తం చదివి వినిపించాను. నాదీ చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

అమ్మ మాత్రం, "నేనూ ఇన్ననే ఆ మైకు," అంది. "ఏటి ఒడ్డున ఎతుకుతున్న. జములమ్మ, పచ్చ గౌను అని ఇనొచ్చింది. నా బిడ్డది గూడ పచ్చదే గద అనుకున్న. పేరు ఏరే ఉండె. ఎవరి బిడ్డనో పాపం, ఆ తల్లి ఎంత గోస పడుతుందో అనుకొని ముంగటికి పోయిన. పది అడుగులు పోయినంక మీ నాయిన బడి పేరు మతిలకొచ్చింది. మైకు కాడికి ఉరికొచ్చిన. అప్పటికే మైకు బంద్ అయింది, గాజులామె గూడ దుకాణం కట్టేస్తుండె. గిది మీ నాయినకు గూడ చెప్పలే."

ముగ్గురం ఒకే మాట మింగి, పద్దెనిమిదేళ్ళు ఒకే కుండలో కూడు తిన్నాం, నరేందర్. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

ఆఫీసులో ఉన్నది రేపే తీసెయ్. వదిలేసినట్టు కాదు, అది ఆమె పేరే కాదు. మాడ్యూల్‌కు ఆ పెద్దమనిషి చెప్పినట్టే పెట్టు, భాషల వంశం, తెలుగు ఇల్లు, పాత ఫాంట్లు. నోట్‌బుక్ రాసిన నేను చెప్తున్నాను, అవసరమున్నవాడు వెతికితే దొరకాలి. లోపల చేసినవాళ్ళ వివరాలు రాసే చోటు ఉంటుందన్నావు ఒకసారి. నా పేరు తర్వాత ఇట్లా రాయి: పెంటమ్మ, మాసయ్య నాగేంద్రమ్మల బిడ్డ, గద్వాల. ఒక్క ముక్క తగ్గించకు.

నిన్న సాయంత్రం అమ్మ గడప మీదికి పోయి నిలబడింది. కొంగు నడుముకు దోపి, కూడు తినడానికి పిలిచినట్టు, "పెంటమ్మా... ఓ పెంటమ్మా..." అని గట్టిగా పిలిచింది. వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఎదురింటి కాంతమ్మ బయటికొచ్చి, "ఎవల్ని పిలుస్తున్నవ్ నాగేంద్రమ్మా?" అంది. "నా చిన్నబిడ్డను," అంది అమ్మ.

అమ్మ నన్ను కూడా పిలవమంది. నేనూ పిలిచాను. ఎవరూ పలకలేదు. అయినా ఇద్దరం చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాం.

లోపలికి వస్తూ అమ్మ అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "వాన్ని రమ్మను. నేను పిలిచిన, నువ్వు పిలిచినవ్. వాడు గూడ పిలవాలె."

ఆదివారం బస్సుకు రా. ఈసారి ఇంటి దగ్గర దిగు.

నీ అక్క,
యమున