రెండో తాళం

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఒత్తులు ఎక్కడ ఎగిరిపోతాయో నాకే తెలీదు. సర్దుకుని చదువుకో.

నన్ను ఈ దేశపు పౌరుడిగా తీసుకోవడానికి వచ్చే నెల పరీక్ష పెడతారు. అది నెగ్గితే, ఆ తర్వాత ఇరవై రోజులకు వచ్చే ఎన్నికల్లో ఓటుంటుంది. అధికారి ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలట. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదని నీకు తెలుసు.

పన్నెండేళ్లప్పుడు మా మేస్త్రి వెంట సరిహద్దు దాటొచ్చాను. తాళాలు చేసుకుంటూ కాగితాల సంగతి పట్టించుకోలేదు. మీ అమ్మమ్మ ఓటేసి వచ్చేదాకా గేటు బయటే నిలబడేవాణ్ణి. "లోపల ఏముందే?" అంటే, "నువ్వు చేసిన తాళమే ఉంది, పద" అనేది. ఈసారి నేనే చూడాలి.

నువ్వు బడిలో పౌరశాస్త్రం చెప్తావు కదా. రాజు ఏలే దేశానికీ మనదానికీ తేడా ఏమిటి? పుస్తకంలోది బుర్రకెక్కడం లేదు.

ఇంకో మాట. నలభై ఏళ్లుగా ఓట్ల పెట్టెలకు తాళాలు చేస్తున్నాను. ప్రతి పెట్టెకీ నా తాళం పక్కన ఇంకొకడి తాళం వేస్తారు. నా పని మీద నమ్మకం లేకనా? ఎవరినీ అడగలేదు.

మీ తాతయ్య

ప్రియమైన తాతయ్యా,

నలభై ఏళ్లు ఈ ముల్లు గుచ్చుకునే తిరిగావా! అమ్మమ్మకైనా చెప్పలేదా?

రెండు తాళాల చెవులూ వేర్వేరు మనుషుల దగ్గరుంటాయి. ఎవడూ ఒక్కడే వెళ్లి పెట్టె తెరవకూడదని. నమ్మనిది నిన్ను కాదు, ఏ ఒక్కణ్ణీ.

నువ్వడిగిన తేడా కూడా అదే. రాజు ఏలే చోట తాళాల గుత్తంతా ఒక్కడి మొలలో ఉంటుంది, ఆయన పోతే కొడుకు మొలలోకి వెళ్తుంది. మన దగ్గర చట్టం చేసేవాళ్లు వేరు, నడిపేవాళ్లు వేరు, తీర్పు చెప్పేవాళ్లు వేరు. ఏలడానికి చెవి అప్పగించేదీ, గడువు తీరాక వెనక్కి అడిగేదీ పౌరులు. పేరుకు రాజుండి ఓట్లతో నడిచే దేశాలూ ఉన్నాయి, అవి పరీక్షయ్యాక చెప్తా.

నోరు పెగలకపోతే తాళాల సంగతి ఎత్తు. ఆ కబుర్లు మొదలుపెడితే నిన్ను ఆపలేక చచ్చేవాళ్లం!

నీ చిట్టితల్లి

తాతయ్యా,

పరీక్షై రెండు వారాలు. ఒక్క ముక్క రాయవేం? తప్పితే తప్పావు, మళ్లీ వెళ్దువుగాని. అలిగావా?

నీ చిట్టి

చిట్టితల్లికి,

అలగలేదమ్మా. ఓటేశాకే రాద్దామని ఆగాను. నిన్న వేశాను.

పరీక్షలో మొదటి రెండు ప్రశ్నలకీ నా పేరే మళ్లీ మళ్లీ చెప్పాను. ఆ అధికారి మీ అమ్మ ఈడుది. "పోనీ, ఏం పని చేస్తారు?" అంది. తాళాలన్నాను. "ప్రజాస్వామ్యమంటే మీకు తెలిసింది చెప్పండి" అంది.

జేబులోంచి గుత్తి తీశాను. "ఇదంతా నా దగ్గరే ఉంటే రాజరికం" అన్నాను. ఒక చెవి ఊడదీసి ఆవిడ ముందు పెట్టాను. "ఇప్పుడు మీరు లేకుండా నేను తెరవలేను, నేను లేకుండా మీరు తెరవలేరు."

"మరి పౌరుడెవరు?"

"వెనక్కి ఇమ్మని అడగగలిగేవాడమ్మా" అని చెయ్యి చాచాను.

ఆవిడ నవ్వి, చెవి నా చేతిలో పెట్టి, కాగితం మీద ముద్ర వేసింది.

నిన్న చీటీ వేశాక పెట్టె దగ్గరే కాసేపు నిలబడిపోయాను. "ఏం చూస్తున్నావు తాతా?" అన్నాడు అక్కడి గుమాస్తా.

"పక్కవాడి తాళమూ బాగానే ఉంది బాబూ" అన్నాను.

ఎవరికి వేశానో నీకు కూడా చెప్పను. నాలుక మీదే ఉంది, అయినా చెప్పను.

ఇన్నాళ్లూ పరీక్ష కోసం అడిగాను, ఇది మాత్రం నాకోసం. గెలిచినవాడు గడువు తీరకముందే మాట తప్పాడనుకో, అప్పటిదాకా నేను చేతులు కట్టుకు కూర్చోవాలా? ఏమేం చెయ్యొచ్చు? వాడు రేపో మాపో కుర్చీ ఎక్కుతాడు, జాగు చెయ్యకుండా రాయి.

మీ తాతయ్య