రెండో సగం

కోదాడ, 1948 ఏప్రిల్

తమ్ముడు సోమాచారికి అన్న రాసేది.

ఇక్కడ క్షేమమని రాయడానికి చేతులొస్తలేవు. మద్రాసుల సినిమా కోసం నువ్వు చేసిన రేకు ఓడను, చందమామ మీదికి పోయేదాన్ని, షూటింగ్ అయినంక నాయిన చూడాలని పంపితివి గద. మొన్న సోదాకొచ్చిన జవాన్లకు అది దొరికింది. దాని మొన చూసి బాంబన్నరు. నాయినను ఠాణాకు తీస్కపోయిన్రు.

బొమ్మేనని చెప్పిన. ఠాణా అమీన్ సాబు తిప్పి చూసిండు. ఒక పక్క కిటికీలు, రెక్కలు, రంగు ఉన్నయి. రెండో పక్క అంతా బోలు. మిగిలిన సగం ఎక్కడ దాచిన్రని అడిగిండు. కెమెరాకు కనపడే పక్కే చేస్తరని నువ్వు రాసిన కార్డు చదివి వినిపించిన. తను చూసిన సినిమాలల్ల ఏనుగులు నిండుగనే ఉన్నయన్నడు.

నెలాఖరు దాకా గడువిచ్చిండు. నాయిన నడవలేకుండ ఉన్నడు. రెండో సగమే లేదంటే ఎవరూ నమ్ముతలేరు. వెతికి తెస్తనని ఒప్పుకున్న. అందుకే తమ్మీ, ఆ రెండో సగం చేసి, ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే ఇయ్యి. నువ్వు మాత్రం రాకు.

సినిమా కోసం కొత్త సామానును పాతగ కనపడేటట్టు చేస్తమని ఒకసారి చెప్పినవ్. అట్లనే చెయ్యి. మన ఇంట్ల చాన్నాళ్లు దాచినట్టు జర తుప్పు పట్టి ఉండాలె.

మీ అన్న