మీ మావ చేతి వాచీ

నెల్లిమర్ల,
24 ఆగస్టు 2024, శనివారం

చిరంజీవి రమేష్‌బాబుకు, మేనత్త లక్ష్మణమ్మ ఆశీర్వదించి రాయిస్తున్న ఉత్తరం. నువ్వూ, శైలజా, పిల్లలూ చల్లగా ఉండాలి. ఇక్కడ క్షేమమని రాయించడానికి నాకు నోరు రావడం లేదు. రాస్తున్నది పక్కింటి బేబీ టీచరమ్మ. నేను చెప్పింది చెప్పినట్టు రాయకపోతే ఊరుకోనని ముందే చెప్పాను.

మీ మావ పోయిన పదకొండో రోజున అందరి ముందూ నేను నిన్ను తిట్టిన తిట్లు నాకు చాలలేదు. అందుకే ఈ ఉత్తరం. ఆమదాలవలసలో అద్దాల కొట్టు పెట్టుకుని ఫోన్లు అమ్ముతున్నావు, బాగానే ఉంది. ఫోను ఉన్న మనిషికి మళ్ళీ చేతికి వాచీ ఎందుకురా? టైము ఫోనులో లేదా? అడుగులు లెక్కపెడుతుందన్నావు. మీ మావ పొద్దుటి నుంచి నడుం వంచి నాట్లు వేస్తుంటే, కూర్చున్నది చాలు, లేచి నడవమని చేతి మీద వణికిందట! దానికి పొలం పని తెలుసా?

జనపనార మిల్లులో ముప్పై ఏళ్ళు చేశాడాయన. యంత్రం లాగేస్తుందని చేతికి తాడు కూడా కట్టనిచ్చేవారు కాదు. పేరుకు బదులు నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒక్కటే జేబులో ఉండేది. డెబ్బై రెండో ఏట నువ్వు కట్టినదే ఆయన మొదటి వాచీ. టీ బడ్డీ దగ్గర మన పక్క మడి సోములుకు చొక్కా చెయ్యి మడిచి చూపించి, "సూడొరే సోములూ, నా గుండి ఇందులో కొట్టుకుంతంది. నాకు గుండే నేదని మీ అత్త ఇన్నాళ్ళూ తిట్టింది, ఎళ్ళి సెప్పు" అన్నాడట.

"మావ ఎక్కడ పడిపోయినా ఇదే నాకు కబురెడతాది అత్తా" అన్నావు నువ్వు. నమ్మాను.

ఆ మంగళవారం ఎనిమిదింటికి మడికి నీళ్ళు కట్టడానికి వెళ్ళాడు. కాలవ అవతల గట్టు మీద పడిపోయాడు. సోములు చూసేసరికి తొమ్మిదిన్నర దాటింది. చేతి మీద వాచీ వెలుగుతూనే ఉందట. మంచం మీద మోసుకొచ్చి వాకిట్లో దించారు. అప్పుడు, ఇంట్లో బియ్యం డబ్బా మీదున్న ఆయన ఫోను మోగింది. వాచీ దగ్గరికి వచ్చాక గాని ఫోనుకు కబురందలేదు. అక్కణ్ణించి నీకు వెళ్ళింది. "మావ పడిపోనాడని వచ్చింది, ఎలాగున్నాడత్తా" అని నువ్వు అడిగేసరికి నేను ఆయన కాళ్ళ బురద కడుగుతున్నాను. గంట ముందు తెలిసుంటే బతికేవాడని డాక్టరు అన్నాడు.

నిన్న ఆ వాచీ నా చేతికి కట్టుకున్నాను. నా గుండె కూడా లెక్కపెట్టింది. ఎవరికి కావాలి? ఇప్పుడు ఫోనూ వాచీ ఒకే గూట్లో పక్కపక్కనే ఉన్నాయి. మనిషే లేడు. సోములు చేత ఆ వాచీ నీకే పంపుతున్నాను. నీ కళ్ళ ముందు పెట్టుకో.

ఇట్లు,
లక్ష్మణమ్మ వేలిముద్ర

తా.క. బేబీ ఉత్తరం చదివి వినిపించింది. అంతా నేను చెప్పినట్టే ఉంది. అందుకే మడతపెట్టొద్దన్నాను.

నువ్వు చెప్పావు. వాచీ కట్టిన రోజే, "ఫోను రొంటినుంటేనే ఇది పలుకుతాది, నేపోతే ఉత్త గాజే" అన్నావు. చెవిటి మనిషి, ఆయనకు వినబడలేదు. నేను విన్నాను. ఆ మంగళవారం ఆయన రొంటిన దోపుకున్న ఫోను లాగేసింది నేనే. "సేతికున్నాది గదా, రెండెందుకు? నీళ్ళల్లో పడేస్తావు" అని కసిరాను. మిల్లు బిళ్ళలాగే, ఒకటి ఒంటి మీదుంటే చాలనుకున్నాను. ఆయన పార భుజాన వేసుకుని వెళ్ళాడు.

పదకొండో రోజున, "నాను సెప్పాను గదత్తా" అని నా మొహంలోకి చూశావు. "ఏటీ సెప్పనేదు" అని అందరి ముందూ అన్నాను. నువ్వు తల దించుకుని వెళ్ళిపోయావు. ఆ రోజు నుంచీ కొట్టు తెరవడం లేదని శైలజ ఏడ్చింది.

ఈ ఉత్తరం ఆ పదిమందికీ చదివి వినిపించు. కొట్టు తెరువు. ముసలాళ్ళు వస్తే రెండుసార్లు చెప్పు. పక్కన నాలాంటి ముసల్ది ఉంటే, దానికి మూడోసారి కూడా చెప్పు.