అన్న అలకను వ్యూహం అన్నారు

ప్రియమైన వదినకు,

ప్రభువు నామంలో వందనాలు. మీ అందరి ప్రార్థనల వల్ల నేనిక్కడ పుణెలో క్షేమంగా ఉన్నాను. నీకు జ్వరం తగ్గిందా? అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? నూనె రాసి కాపడం పెట్టమంటే పెడుతున్నదా, లేక మందు బిళ్లలతోనే నెట్టుకొస్తున్నదా? అన్న ఎట్లా ఉన్నాడని మాత్రం అడగను. ఆయన బాగానే ఉంటాడు, ఎందుకుండడు! ఆ సంగతికే వస్తున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే అన్న స్పీకర్ పెట్టి టెంట్ హౌస్‌లో ఉన్న వాళ్లందరికీ వినిపిస్తాడు. ఫోన్ నీ చేతికి వచ్చేసరికి "మంచిగున్నవా, తిన్నవా" అని రెండు మాటలు అడిగి పెట్టేస్తావు. కాగితమైతే నువ్వు వంటింట్లో కూర్చుని నిదానంగా చదువుకోవచ్చు.

నా గురించి భయం పెట్టుకోవద్దు. తింటున్నాను, పడుకుంటున్నాను, చదువుకుంటున్నాను. వాన మాత్రం విడవడం లేదు, ఉతికిన బట్టలు ఆరవు. మెస్‌లో పప్పులో బెల్లం వేస్తారు వదినా, అడిగితే ఆరోగ్యానికి మంచిదంటారు. నువ్వు పంపిన చింతకాయ తొక్కు లేకపోతే ఈపాటికి బస్సెక్కి వచ్చేసేదాన్ని. ఆదివారం గుడికి పోతాను. అక్కడ పాటలన్నీ ఇంగ్లీషులో పాడతారు, నేను పెదవులు కదుపుతూ నిలబడతాను. తిరిగి గదికి వచ్చాక ఒక్కదాన్నే తెలుగులో పాడుకుంటాను. అప్పుడు కొంచెం బెంగగా ఉంటుంది. అంతే, అంతకన్నా ఏం లేదు.

ఇక అసలు విషయం. ఇక్కడ ఎంబీఏ చదువంటే పాఠాలు కాదు, కేసులు. కోర్టు కేసులు అనుకునేవు. ఎవరో ఒక వ్యాపారి కథ రాసి ఇస్తారు. ముందు ఏం జరుగుతుందో తెలియదు, ఆయన అటా ఇటా అని తల పట్టుకుని ఉంటాడు, అక్కడితో కథ ఆపేస్తారు. ఆయన స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావని మమ్మల్ని అడుగుతారు. మేమందరం ఏసీ గదిలో కూర్చుని ఫ్యాక్టరీలు అమ్మేస్తాం, కొంటాం, మూసేస్తాం. మునిగినా మాది ఏమీ పోదు కదా, ధైర్యానికి కొదవే లేదు.

నన్ను చేర్చుకునేటప్పుడు ఇంటర్వ్యూలో మన టెంట్ హౌస్ సంగతి చెప్పానని, ప్రొఫెసర్‌కు అది నచ్చిందని నీకు తెలుసు. మొన్న ఎండాకాలం ఆయన అసిస్టెంటును వరంగల్ పంపాడు కదా, ఆ అబ్బాయి రెండు రోజులు షాపులో కూర్చుని పోయాడు కదా. ఆ కేసు ఈ నెలలో మా క్లాసుకు వచ్చింది. నేను ఎంత సంబరపడ్డానో! స్నేహితులందరికీ ముందే చెప్పుకున్నాను. చదివాక ఒళ్లు మండిపోయింది.

అందులో అన్న పేరు మార్చి ప్రకాశ్ అని పెట్టారు. ఆ ప్రకాశ్ చుట్టూ అందరూ ఫంక్షన్ హాళ్లు కడుతుంటే, తాను తొందరపడకుండా, నెల రోజులు మౌనంగా లోతుగా ఆలోచించి, కట్టకూడదని నిర్ణయించుకున్నాడట! రేపేమవుతుందో తెలియనప్పుడు ఓపిక కూడా ఒక వ్యూహమేనట!

లోతైన ఆలోచనా అది? ఆ నెల నేనింట్లోనే ఉన్నాను. వర్ధన్నపేట రోడ్డు మీద మీ అమ్మ నీ పేరున రాసిన జాగను బ్యాంకులో పెట్టి హాలు కడదామని అన్న అన్నాడు. నువ్వు ఉల్లిగడ్డలు కోస్తున్నావు, తల కూడా ఎత్తలేదు.

"హాలు కట్టిన కాడ్నే ఉంటది. టెంటు పిలిచిన కాడికి పోతది. పెండ్లికి పోతది, సావుకు పోతది, సభకు పోతది. రేపు లోకం ఎట్లుంటదో ఎవలకెరుక? నేనైతే సంతకం పెట్ట."

"నీకేం తెలుసే" అని అన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ తర్వాత నెల రోజులూ నీతో మాట్లాడలేదు. నువ్వు ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడితే "అమ్మా, జర చారు పొయ్యమను" అని అమ్మతో చెప్పించాడు. వాళ్లు రాసిన మౌనం ఇదీ! మరుసటి ఏడాదే కరోనా వచ్చి ఊళ్లో హాళ్లన్నిటికీ తాళాలు పడ్డాయి. మన టెంట్లు మాత్రం దవాఖానల ముందు, టీకాలు వేసే చోట, బియ్యం పంచే చోట నిలబడ్డాయి. దవాఖానలకు ఫోన్ చేసి అడిగింది కూడా నువ్వే, పెళ్లిళ్లు ఆగి గిరాకీ పోయిందన్న దిగులుతో అన్న అప్పటికి మంచం దిగలేదు. ఇంత జరిగితే కేసు మొత్తంలో నీ గురించి ఉన్నది ఒకటే మాట. గృహిణి అయిన భార్య టీ తెచ్చి ఇచ్చిందట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా!

క్లాసులో ఒకడు లేచి ప్రకాశ్‌కు పుట్టుకతో దూరదృష్టి ఉందన్నాడు. ఇంకొకామె, అందరూ ఒకవైపు పోతుంటే తానొక్కడే ఆగిన ఆ గుండెను మెచ్చుకోవాలన్నది. నేనిక ఆగలేకపోయాను. ఆ గుండె ఆయనది కాదు, మా వదినదని లేచి చెప్పేశాను. చారు సంగతితో సహా మొత్తం చెప్పాను. క్లాసంతా ఒకటే నవ్వు. ఇంటి గుట్టు లంకకు చేటని నాకు తెలియక కాదు. తెలిసే చెప్పాను, మళ్లీ అయినా చెబుతాను.

ప్రొఫెసర్ చెడ్డవాడు కాదు. చివరిదాకా విన్నాడు. విని, "మా అబ్బాయి మీ వదినగారిని కూడా అడిగాడమ్మా. ఆమె చెప్పిందే రాశాం" అని, అప్పుడు రికార్డు చేసింది ఫోన్‌లో పెట్టి వినిపించాడు.

"అంతా ఆయనే చూసుకుంటరు సారూ. నాకేం తెల్వది. ఇంకింత చాయ్ పొయ్యాల్నా?"

అంతమంది పరాయివాళ్ల మధ్య నీ గొంతు విన్నాను వదినా. ముందు ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది, ఈసారి నీ మీద. ఎందుకన్నావో నాకు తెలుసు. బయటివాళ్ల ముందు మొగుని మాట తీసేయకూడదని. నాన్న ఉన్నన్ని రోజులు అమ్మ కూడా అట్లాగే అన్నది, రేపు పెళ్లయితే నేనూ అంటానేమో. కానీ చూడు, నువ్వు మర్యాదకు అన్న మాటను వాళ్లు నిజమని అచ్చు వేశారు. ఇప్పుడు అది దేశంలో ఎన్ని కాలేజీలు తిరుగుతుందో!

అది కూడా ఊరుకునేదాన్నేమో. పోయిన ఆదివారం అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, నా మీద పెద్ద పెద్దోల్లు చదువుతాన్రట గదా! ఇగ సూడు, ఈసారి హాలు కడ్తాన. మీ కాలేజోల్లు పంపిన గా పుస్తకం బ్యాంకు సారుకు జూపిచ్చిన, మస్తు ఖుష్ అయిండు."

"మరి వదిన ఏమంటాంది అన్నా?"

"ఏమంటది? ఏమంటలేదు."

అమ్మను పిలిచి అడిగితే, "పుస్తకంల పడ్డడు గదా బిడ్డా, ఇగ మేమేం జెప్తం" అన్నది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. హాలు కట్టలేదని పొగిడిన పుస్తకం చేతిలో పట్టుకుని హాలు కడతానంటున్నాడు! మీరందరూ చూస్తూ కూర్చున్నారు. ఆ జాగ తప్ప నీ పేరున ఇంకేముంది వదినా?

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, ఆ అధికారంతోనే రాస్తున్నాను. పుస్తకానికి భయపడి సంతకం పెట్టకు. అందులో ఉన్న తెలివి నీదే. నీ తెలివికి నువ్వే భయపడితే ఎట్లా? కాలం మారింది, ఇప్పుడు హాలు కట్టడమే మంచిదని నీకే అనిపిస్తే పెట్టు. నేను వచ్చి రిబ్బన్ దగ్గర నిలబడి చప్పట్లు కొడతాను, నాకేం పంతం లేదు. కానీ నువ్వు నోరు మూసుకుని ఉండడం వేరు, సరే అనడం వేరు. బ్యాంకు వాళ్లకు ఆ తేడా తెలియదు. అన్నకు తెలుసు, తెలియనట్టు ఉంటాడు. వద్దంటే మళ్లీ అలుగుతాడు, అలగనీ.

ప్రొఫెసర్ కేసు తిరిగి రాస్తానన్నాడు, కానీ నా మాట మీద కాదట, నువ్వు చెబితేనే. వచ్చే వారం ఆ అబ్బాయి నీకే ఫోన్ చేస్తాడు. స్పీకర్ తీసేసి మాట్లాడు. అన్నను చిన్నచేసి చెప్పమనడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు.

వీలైతే తొక్కు ఇంకొక డబ్బా పంపు, కారం కొంచెం ఎక్కువ వేసి. అమ్మకు, పాస్టరయ్య గారికి, వాడకట్టులో నన్ను అడిగిన వాళ్లందరికీ నా వందనాలు చెప్పు. అన్నకు కూడా చెప్పు, కోపమున్నా అన్న అన్నే కదా. నా పరీక్షల కోసం మీరందరూ ప్రార్థన చేయండి. నేను మాత్రం ఇక్కడ రోజూ ఒకటే ప్రార్థన చేస్తున్నాను వదినా, బ్యాంకుకు పోయిననాడు నీ నోరు పెగలాలని.

నీ ఆడబిడ్డ,
కరుణ