కరెంటు కత్తికి చుట్టిన టేపు

ప్రొద్దుటూరు,
శుక్రవారం పొద్దున

నా ప్రాణమైన నాయినకు నీ బిడ్డ బుష్రా సలాములు.

ఈ కాగితం నీ అల్లుడు నయీం చేతికిచ్చి జమ్మలమడుగు బస్సు ఎక్కిస్తాండా. మూడుసార్లు నీ నంబరు తీసినా. నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమే చెప్తానేమోనని ఫోన్ పెట్టేసినా. భాస్కర్ నీ అంగడికి వస్తానని చెప్పి పోయినాడు. ఆయన వచ్చేలోపల నువ్వు ఇది చదవాల.

నా దగ్గర సోఫా కవర్లు కుట్టే ప్రియదర్శిని తెలుసు గదా, పులివెందుల పిల్ల. భాస్కర్ ఆమె మొగుడు. సోమవారం ఆమె ఫోము కోస్తాంటే కరెంటు కొట్టింది. ఆ మీగడరంగు కత్తే నాయినా. కువైట్‌లో వంటపని చేసొచ్చినామె ఎవరో పాత సామాన్లలో తెచ్చిస్తే, మిక్సీల రిపేరు పక్కన పెట్టి నెల దినాలు కూర్చుని బాగుచేసుకున్నావే, అది. నువ్వు పోగుచేసిన పదకొండు కరెంటు కత్తుల్లో దాన్నొక్కదాన్నే రోజూ తుడిచేటోనివి. యాడో తెల్లోళ్ల ఇండ్లల్లో మాంసం కోసేదానికి చేసిన మిషను, ఫోమును ఎంత నున్నగా కోస్తాదో నేను కోసి చూపిస్తే శానా మురిసిపోయినావు. "పనికొచ్చేదాన్ని బీరువాలో పెట్టి నేనేం చేసుకోవాల, తీస్కపోమ్మా" అని నాలుగు కత్తులిచ్చినావు.

ప్రియదర్శిని అరవనుగూడా అరవలా. కత్తి పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే బిగుసుకుపోయింది. నేను ప్లగ్గు పీకేలోపల ఎంతసేపైందో తెల్దు. ఆస్పత్రిలో ఒక దినం పెట్టుకుని గుండెకు ఏం కాలేదన్నారు. కుడిచేతి మూడు వేళ్లు మాత్రం మొద్దుబారినాయి. వాటికి మళ్లీ స్పర్శ వస్తాదా రాదా అంటే, చూడాల అంటారు.

ఆస్పత్రి వరండాలో భాస్కర్ "ఏందక్కా ఇది, ఆ మిషను ఎవరు చేసిచ్చినారు?" అనడిగినాడు. "మా నాయిన. వైరు సరిగా పెట్టలేదేమో" అన్నా. నోట్లోంచి అట్ల వచ్చేసింది నాయినా.

నిజం ఏందంటే, రెండు నెలల కిందటే పిడి దగ్గర వైరు పగిలి లోపల రాగి కనబడింది. నీకు పంపితే పని నిలిచిపోతాదని నల్లటేపు చుట్టినా. వదులైతే మళ్లీ చుట్టినా. ఆ పొద్దు ప్రియదర్శిని చేతులు కడుక్కొని వచ్చింది, తడి ఆరలేదు.

భాస్కర్ కత్తిని సంచిలో వేసుకుని పోయినాడు. ఆయన కోపం మనిషి. నీ మీద చెయ్యి చేసుకుంటే? నలుగురిలో నీ పని మంచిది కాదని అరిస్తే? ఇప్పుడు నేనేం చేయాల?

నీ బిడ్డ,
బుష్రా


జమ్మలమడుగు,
శుక్రవారం సాయంత్రం

అమ్మా బుష్రా,

నయీం వచ్చేదానికి గంట ముందే భాస్కర్ వచ్చి పోయినాడు. కత్తి తీసి నా ముందర పెట్టినాడు. టేపు చూస్తానే తెలిసింది. ఎడమచేత్తో చుట్టిన టేపు అది. మన ఇంట్లో ఎడమచేతి మనిషివి నువ్వొక్కదానివే.

"తప్పు నాదేనప్పా" అన్నా. కొడతాడనుకున్నా, కొట్టలా. "పెద్దోనివి, నిన్నేమనేది" అని స్టూలు మీద కూర్చుని ఏడ్చినాడు.

ఆయన పోయినాక నాకు భయం పట్టుకుంది. నిన్ను కాపాడినా అనుకున్నా గానీ, ఆ పిల్ల రేపు మళ్లీ నీ దగ్గరికే వచ్చి, నీ చేతిని నమ్మి మిషను పట్టుకుంటాది. మిగతా మూడింటికి యాడేడ టేపు చుట్టినావో నాకు తెల్దు, ఆ పిల్లకూ తెల్దు. పులివెందులకు పో, ఆ పిల్ల వాళ్లమ్మ ఇంట్లో ఉందంట. నువ్వే చెప్పు. మా నాయిన కూడా అబద్ధమే చెప్పినాడని చెప్పు. కత్తులిచ్చి మళ్లీ ఒకసారన్నా వైర్లు చూడలేదు, ఆ తప్పు నాదే.

నాకు కోపం లేదనుకోవద్దు. నా పనిని తప్పు పట్టినావు. అది తగ్గేదానికి కొన్ని దినాలు పడ్తాది.

నీ నాయిన,
అల్లాబక్ష్


ప్రొద్దుటూరు,
ఆదివారం

నాయినా,

పులివెందులకు పోయొచ్చినా. ప్రియదర్శిని వాళ్లమ్మ ఇంటి ముందర కూర్చుని ఎడమచేత్తో శెనక్కాయలు ఒలుస్తాంది. నిలబడే చెప్పినా, కూర్చుంటే చెప్పలేనని. భాస్కర్ వింటానే లేచి బయటికి పోయినాడు. ఇప్పటిదాకా నాతో మాట్లాడలా.

ప్రియదర్శిని చేతిలో కాయ పక్కన పెట్టి అనింది: "ఆ టేపు చూసి రోజూ భయపడతానే ఉన్నానక్కా. అడిగితే పని మానుకోమంటావేమోనని ఊరకున్నా."

నాయినా, అది విన్నాక ఆమె పక్కన కింద కూర్చున్నా. నేను నీకు దాచినా. ఆమె నాకు దాచింది. ఆ కత్తి మాత్రం మా ఇద్దరి మధ్య తిరుగుతానే ఉండింది.

పనికి మళ్లీ వస్తావా అని నేను అడగలా. నేను లేస్తాంటే ఆమే కుడిచేతి చూపుడువేలికి పిన్నీసు గుచ్చి చూపించింది. "ఇంత లోపలికి పోతే తెలుస్తాంది. నిన్న ఇది కూడా తెలియలా" అనింది.

మిగతా మూడు కత్తులు గోనెసంచిలో కట్టినా. వాటికి గూడా టేపులున్నాయి. రేపు తీస్కొని వస్తాండా. నువ్వు మాట్లాడకపోయినా సరే, అవి నువ్వు విప్పేటప్పుడు పక్కన కూర్చుంటా.

బుష్రా