నిచ్చెనలో నీ సగం

చిన్నోడికి,

మీ వదిన రాస్తున్నాను. అన్నయ్య రాయమన్నారేమోనని మురిసిపోకు, ఆయనకి తెలియదు.

మీరిద్దరూ పోట్లాడుకుని విడిపోయిన రోజు, రంగులేసే పొడుగు నిచ్చెనని కూడా విడదీసి చెరో ముక్క పట్టుకుపోయారు. అప్పట్నుంచి ఇద్దరికీ కింది గోడలే గతి. ఇంత పౌరుషమున్న పెయింటర్లని నేనెక్కడా చూడలేదు!

నిన్న ఆయన తన ముక్కకున్న కొక్కేలకి నూనె రాస్తూ కనిపించారు. అవి నీ ముక్కని తగిలించుకోవడానికే కదా, ఇప్పుడు నూనె దేనికని అడిగాను. తుప్పు పడుతుందని కసిరారు.

ఇవాళ పొద్దున్నే వెళ్లి రెండంతస్తుల మేడకి రంగేస్తానని ఒప్పుకుని వచ్చారు. పైకెలా ఎక్కుతారని నేనడగలేదు. నువ్వే వచ్చి అడుగు. చేతులూపుకుంటూ మాత్రం రాకు.

మీ వదిన